లాజరు ఇవ్వని కొడుకు

మండలాఫీసు వరండాలో ఒక పొడుగాటి చెక్కబల్ల ఉంది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడినవాళ్ళు, పేరే పడనివాళ్ళు, నిన్నటిదాకా ఉన్న పేరు ఉన్నట్టుండి ఎగిరిపోయినవాళ్ళు, అందరూ ఆ బల్ల మీదే కూచోవాలి. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. టీ వస్తుంది గానీ సారు రాడు. ఆ ఏడు వేసవి మొదట్లో దావీదురాజు కూడా పోయి ఆ వరసలో కూచున్నాడు.

దావీదురాజు కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. నలభై దాటినాయి. భార్య ప్రేమజ్యోతి నర్సు. సొంతూరు జమ్మలమడుగు పక్కన రేగడిపల్లె. ఊళ్ళో తల్లి జీవమ్మ, మూడెకరాల చేను. తండ్రి ఏసేపు క్రిస్మస్ అయిన కొన్నాళ్ళకు అదే చేలో శెనగ పీకుతా పీకుతా గుండె పట్టుకుని కూలబడినాడు. మళ్ళీ లేవలేదు. నన్ను ఈ చేలోనే పెట్టండి అని ఎప్పుడూ అంటుండేవాడు, అక్కడే పెట్టినారు. ఒక మట్టిదిబ్బ, దాని తలాపున పేరు రాసిన చెక్క సిలువ.

చిత్రమేమంటే, దావీదురాజు ఏడవలేదు. ఏడ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, పనులు చూసుకునేవాడు ఒక్కడే. పెట్టె చేయించాలి, పాస్టరుకు కబురు పెట్టాలి, వచ్చినవాళ్ళకు అన్నాలు పెట్టాలి. అంతా అయినాక ఏడుద్దామని కూచుంటే ఏడుపు రాలేదు. ఆ రోజు నుంచి గంజి తాగినా కోడికూర తిన్నా నోటికి ఒకటే రుచి. ఎవరైనా పలకరిస్తే గోడ అవతల నుంచి మాట్లాడినట్టు వినబడేది. చేను పని తెగిపోనీ, ఒకరోజు నాయన దగ్గర తీరిగ్గా కూచుని ఏడుస్తాను అని భార్యతో అన్నాడు. ప్రేమజ్యోతి సరేలే అనింది.

చేను పని అంటే ఇదీ. రీసర్వే జరిగినాక వాళ్ళ మూడెకరాలు ప్రభుత్వ భూమి అని వచ్చింది. ఊరి చుట్టూ ఉన్న ప్రభుత్వ భూములన్నీ సోలార్ కంపెనీకి లీజుకు పోతున్నాయి. కంపెనీ సూపర్‌వైజరు మంచివాడే. సమాధి ఉంటే ఏం కాదు సార్, ఎత్తి పక్కన పెట్టిస్తాం అని, పెళ్ళింట్లో కుర్చీ జరిపినంత తేలిగ్గా చెప్పినాడు. ఆ మాట విన్న రోజు జీవమ్మ అన్నం ముట్టలేదు. ఆయన్ని కదిలిస్తే నేను బతకను అని కొడుకుతో ఒకే ఒక్క మాట అనింది. దావీదురాజుకు కావలసింది కూడా అంతే. నాయన పడుకున్న చోటు కదలకూడదు.

ఊళ్ళో ఆ చేనును సిపాయి చేను అంటారు. మన పెద్దాయన కుంఫిణీ దండులో సిపాయి, దొరలు మెచ్చి ఇచ్చిన చేను ఇది అని ఏసేపు చెబుతుండేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని దావీదురాజు తన సెలవులన్నీ పాత కాగితాలకు ధారపోసినాడు. కడపలో వెతికినాడు, కర్నూల్లో వెతికినాడు, చివరికి మద్రాసు పోయి చీమలు పారినట్టుండే ఇంగ్లీషు చేతిరాతలు చదివీ చదివీ పట్టుకున్నాడు. సిపాయి సుంకన్న, రేగడిపల్లె వాస్తవ్యుడు. యుద్ధంలో కాలికి గుండు తగిలినందున ఇంటికి పంపినారు, శిస్తు లేకుండా మూడెకరాలు ఇచ్చినారు. హద్దులు కూడా సరిగ్గా సరిపోయినాయి.

అంతా బాగానే ఉంది. మరి ఆ సుంకన్నకూ వీళ్ళకూ నడుమ ముడి ఏదీ? చర్చి పుస్తకంలో వీళ్ళ వంశానికి మొదటి మనిషి లాజరు. ఊళ్ళో బాప్తిస్మం తీసుకున్న మొదటివాడు అతనే. అతని తండ్రి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. లాజరు సుంకన్న కొడుకైతే చేను వీళ్ళది. కాకపోతే సర్కారుది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భూపేష్ వయసులో చిన్నవాడు, మనసున్నవాడు. దావీదురాజు తెచ్చిన కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి చూసి, గొంతు తగ్గించి ఒక దారి చెప్పినాడు. కాగితంలో ముడి దొరక్కపోతే నేల మీద చూపించండి సార్, సిపాయి సమాధి ఉందా, మీవాళ్ళే చూసుకుంటున్నారా, ఊరోళ్ళు ఔనంటే నేను పంచనామా రాసి పైకి పంపిస్తాను అన్నాడు.

సమాధి ఉంది. చేనికి పడమటి గట్టున, తుమ్మచెట్టు కింద, నాలుగు బండలు పేర్చిన సమాధి. అది సిపాయిదే అని ఊరందరికీ తెలుసు. దాన్ని ఎవరూ చూసుకోవడం లేదనీ తెలుసు.

రేగడిపల్లె చర్చివాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టరు నాడు పొద్దు పొడవకముందే ఎవరి పెద్దల సమాధికి వాళ్ళు సున్నం కొట్టి, కొవ్వొత్తి ముట్టించి పాట పాడుకుంటారు. ఎవరు సున్నం కొడితే సమాధి వాళ్ళది. దానికి మించిన సాక్ష్యం చర్చివాళ్ళ పేటలో ఎవరూ అడగరు. సున్నం కొట్టకుండా వదిలేస్తే అన్నదమ్ములు కూడా అయినవాళ్ళు కారు. దావీదురాజు ఇదంతా పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడే. ఆ ఈస్టరుకు సున్నం కలిపిన బకెట్టు తీసుకుని తుమ్మచెట్టు కిందికి పోయినాడు. ఏళ్ళ తరబడి దాహంతో ఉన్న రాయి, ఎంత కొట్టినా పీల్చేసింది. మళ్ళీ కొట్టినాడు. మా పెద్దాయన సుంకన్న అని చెక్కించిన కడప బండ తలాపున నిలబెట్టినాడు. నాయన దిబ్బ దగ్గరికి వచ్చేసరికి బకెట్టు అడుగున తడి మాత్రం మిగిలింది. బ్రష్షుతో సిలువకు అటూ ఇటూ రాసి, పైయేటికి బాగా కొడదాంలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం రామసుబ్బమ్మ వాళ్ళ ఇంటికి వచ్చింది. పక్క చేను ఆమెది. ఊరికి పెద్ద కాపుదనం చేసిన ఇంటి మనిషి, ఎనభై దాటిన ముసలామె. పేటలోకి ఆమె నడిచి రావడం ఎవరూ ఎరగరు. జీవమ్మ కంగారుగా మంచం వాల్చింది. ముసలామె కూచోలేదు. కట్టె ఆనించుకుని వాకిట్లోనే నిలబడి, దావీదురాజును దగ్గరికి పిలిచింది.

"ఏమప్పా, సిపాయికి సున్నం కొట్టినావంట?"

దావీదురాజు చేను సంగతి, కాగితాల సంగతి అంతా చెప్పినాడు. ఆమె తల ఊపుతా విన్నది. తర్వాత తన అత్త తనకు చెప్పిన కథ ఒకటి చెప్పింది. ఆ సిపాయి కుంటికాలితో ఊరికి వచ్చేసరికి పెండ్లాము లేదు, బిడ్డల్లేరు. లాజరు ఆయన బర్రెల కాడ ఉన్న జీతగాడు. అంతే గానీ కొడుకు కాదు. సిపాయి మంచాన పడినప్పుడు లాజరును పిలిచి, నా చేను నువ్వు తీసుకో, నీ కొడుకుల్లో ఒకణ్ణి నాకియ్యి, నన్ను నాయనా అని పిలిచేవాడు ఒకడు కావల్ల అన్నాడంట. లాజరు సరేనన్నాడంట.

"చేను తీసుకున్నాడు. కొడుకును ఇయ్యలే" అనింది రామసుబ్బమ్మ. "మా చేలో పనిచేసేటోళ్ళు మిట్టమధ్యాన్నం ఆ తుమ్మచెట్టు నీడకు పోరు, ఎంత ఎండైనా. నువ్వు చేను కోసరం కోర్టులో కొట్లాడుకో. కాదనను. ఆయన ముందర నిలబడి నీ బిడ్డలం అని మాత్రం అనాకు."

మేము ప్రభువు బిడ్డలం అవ్వా, మాకు అట్లాంటి పట్టింపులు లేవు అని దావీదురాజు జవాబు చెప్పినాడు. చెప్పినాడే గానీ తనకే ఆ మాట గోడ అవతల నుంచి వినబడింది. లాజరు కొడుకు కాదన్న సంగతి మాత్రం బాగానే వినబడింది. దాన్ని ఎవరికీ చెప్పకూడదని అప్పుడే అనుకున్నాడు.

స్కూలు సెలవులకు దావీదురాజు ఒక్కడే ఊరికి వచ్చి ఉండగా, మే నెలలో భూపేష్ పంచనామాకు వచ్చినాడు. పొద్దున్నే వస్తానన్నవాడు బండి పంక్చరై నడినెత్తికి పొద్దు వచ్చినాక చేరినాడు. ఊరి పెద్దలు ఇద్దరు సంతకాలు చేసి, ఎండ తట్టుకోలేక వెళ్ళిపోయినారు. చేలో మిగిలింది వీళ్ళిద్దరే.

ఆ ఎండలో చేను తెల్లగా కనబడుతోంది. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి, ఒక్కొక్క నెర్రెలో చెయ్యి పట్టేంత చీకటి. కాకి లేదు, ఉడత లేదు. గాలి ఆగిపోయింది. అయినా తుమ్మకాయలు చెట్టు మీద ఎండి గలగలమంటూనే ఉన్నాయి. సమాధి దగ్గరికి పోయేకొద్దీ సున్నం వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. సున్నం కొట్టి నెల దాటింది. ఇంకా పచ్చిగా వాసన వస్తోంది.

సమాధి మీద చెయ్యి పెట్టి చెప్పండి సార్, వీడియో తీస్తాను, పైవాళ్ళు అడుగుతున్నారు అన్నాడు భూపేష్, ఫోను ఎత్తి పట్టుకుని.

దావీదురాజు వంగి చెయ్యి పెట్టినాడు. మే నెల ఎండలో బండను ముట్టుకుంటే బొబ్బలెక్కాలి. చల్లగా ఉంది. కొత్త కుండ అడుగు పట్టుకున్నట్టు ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిన మనిషి తీసుకోలేదు. చల్లగా ఉందే అనుకున్నాడు, అంతే.

"ఈయన మీకేమవుతారు?"

రామసుబ్బమ్మ చెప్పిన మాట గుర్తుంది. నాయన పడుకున్న దిబ్బ కూడా కళ్ళ ముందే ఉంది.

"మేము ఈయన బిడ్డలం."

తుమ్మకాయల చప్పుడు ఆగిపోయింది.

"ఊఁ..."

ఇంట్లో పెద్దవాళ్ళను ఎవరైనా పిలిస్తే, మంచం మీద అటు తిరిగి పడుకునే, నోరు తెరవకుండా ఒక పలుకు పలుకుతారు. అదే పలుకు. గట్టిగా లేదు. కోపంగా లేదు. బండ కింద నుంచి వచ్చింది.

భూపేష్ ఫోను దించినాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"మీరేమన్నా... అన్నారా సార్?"

"లేదు."

"సరే సార్... చాలు... అయిపోయింది..."

అతను జీవమ్మ పంపిన మజ్జిగ తాగకుండానే బండెక్కినాడు. దావీదురాజు అరచేయి చూసుకున్నాడు. సున్నం తడిగా అంటుకుని ఉంది. పంచెకు తుడుచుకుని ఇంటికి నడిచినాడు. భయపడాలి కదా అని దారిలో అనుకున్నాడు గానీ, భయం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఇంట్లో జీవమ్మ పొయ్యి మీద ఆముదం కాస్తోంది. ఎందుకమ్మా అని అడిగితే, కాళ్ళకు పట్టడానికి అనింది. ఎవరి కాళ్ళకు?

"మీ నాయనకురా. కాలు గుంజుతాండాదంట."

దావీదురాజు వాకిలి దగ్గరే ఆగినాడు. తల్లికి ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాడు. నాయనకు కాళ్ళు బాగానే ఉండె కదమ్మా, పోయినరోజు దాకా చేలో తిరిగినాడు కదా అని మెల్లగా గుర్తుచేసినాడు.

"ఏం బాగుండేరా. గుండు తగిలిన కాలు" అనింది జీవమ్మ, ఆముదం కలియబెడుతూ. ఆ గొంతులో తేడా ఏమీ లేదు.

"అమ్మా... నాయన పేరు చెప్పు."

జీవమ్మ సిగ్గుపడి నవ్వింది. మొగుడి పేరు నోట పలికే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. నన్నెందుకు చెప్పమంటావురా, పుస్తకాలు చదివినోడివి నీకు తెలియదా అని పొయ్యిలోకి పుల్ల తోసింది.

ఆ పొద్దు మునిగే వేళ నడవలో మంచం కిర్రుమంది. ఎవరో మెల్లగా వాలినట్టు. మంచం మీద ఎవరూ లేరు. నులక మాత్రం నడుమ కిందికి జారి ఉంది. జీవమ్మ ఆముదం గిన్నె తీసుకుపోయి మంచం కాళ్ళ దగ్గర కూచుంది. ఆమె చేతులు గాలిలో, ఏదో ఉన్నదాని చుట్టూ, పైనుంచి కిందికి జరిగినాయి. నడవంతా సున్నం వాసన. దావీదురాజు చూస్తూ నిలబడినాడు. అమ్మను లాగేయాలి. అరవాలి. రెండూ చెయ్యలేదు. కొంచెం సేపటికి ఇదేదో రోజూ జరిగేదే కదా అనిపించింది. ఆ అనిపించడమే అతన్ని ఒక్క క్షణం భయపెట్టింది. తర్వాత అదీ పోయింది.

పడుకున్నాక నాయన ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినాడు. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని జమ్మలమడుగు తీసుకుపోయేవాడు. ఆ భుజం గుర్తుంది. అడుగుకొకసారి ఆ భుజం ఒక పక్కకు వాలేది, మళ్ళీ లేచేది... వాలేది, లేచేది... ముందు నుంచీ అట్లాగే వాలేదా? ఏమో. మీసం చెంపల దాకా ఉండేది. ఉండేదా? ఏసేపు బతికినన్నాళ్ళూ మీసం నున్నగా గీయించుకున్న మనిషి, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. కొడుక్కి మాత్రం మీసమే గుర్తొచ్చింది.

పొద్దున లేచి రామసుబ్బమ్మ ఇంటికి పోయినాడు. ఏం అడగాలని పోయినాడో గడప దగ్గరికి చేరేసరికి పోగొట్టుకున్నాడు. ముసలామె అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. తలెత్తి అతన్ని చూడలేదు. అతని పక్కన, భుజానికి కొంచెం పైన చూసింది. చేతిలోది వదిలేసి గబగబా లేచి, పరాయి పెద్దమనిషి ఎదురుపడినప్పుడు చేసినట్టు కొంగు తలమీదికి లాక్కుని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

జూన్ రెండో వారంలో భూపేష్ ఫోన్ చేసినాడు. సిపాయి సుంకన్న వారసులుగా గుర్తించి చేను వీళ్ళ పేరు మీదికి మార్చినారట. కంపెనీ ఆ మూడెకరాలు వదిలి పక్క నుంచి స్తంభాలు వేసుకుంటుందట. సంతోషమే కదా సార్ అన్నాడు. చివర్లో, మీ ఇంట్లో అందరూ బాగుండారు కదా అని అడిగినాడు. బాగుండాము అని దావీదురాజు చెప్పినాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైనాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు. గెలిచినాడు. నాయన చోటు కదలదు. ఇంక తీరిగ్గా ఏడవచ్చు.

పొద్దు వాలుతుండగా తల్లిని వెంటబెట్టుకుని చేనికి పోయినాడు. ఒక వాన పడి ఉండింది. నెర్రెలు సగం పూడుకున్నాయి. దూరంగా కంపెనీ స్తంభాల మీద చివరి ఎండ మెరుస్తోంది. దావీదురాజు నేరుగా మట్టిదిబ్బ దగ్గరికి నడిచినాడు. కాళ్ళకు దారి తెలుసు. వానకు దిబ్బ కొంచెం కుంగింది. పక్కన చతికిలబడి, సిలువ మీది పేరు చదివినాడు.

ఏసేపు.

మళ్ళీ చదివినాడు.

ఏడవడానికి వచ్చినాడని తెలుసు. ఈ పేరు దగ్గర మాత్రం ఏడుపు కదలడం లేదు. ఏసేపు... పేటలో ఈ పేరున్నవాళ్ళు ఎవరబ్బా అని ఆలోచించినాడు. మన చేలో ఎందుకు పెట్టినారు? ఎవరో కూలాయన అయ్యుంటాడు. పాపం, వెనకా ముందూ ఎవరూ లేనట్టుంది, సిలువకు సున్నం కూడా సరిగ్గా కొట్టలేదు అనుకున్నాడు. ఆ మనిషి మీద జాలేసింది. దిబ్బ మీద మొలిచిన గడ్డిపోచలు నాలుగు పీకి పక్కన పడేసినాడు.

"ఆడెందుకు కూచున్నావురా" అని జీవమ్మ మెల్లగా పిలిచింది. "అది ఎవరిదో. మీ నాయన ఈడ ఉండాడు."

ఆమె తుమ్మచెట్టు కింద కూచుని ఉంది. చీకటి పడుతున్నా ఆ సమాధి ఒక్కటే తెల్లగా కనబడుతోంది. దావీదురాజు లేచి పోయి, తల్లికి ఎదురుగా, సమాధికి ఇవతల మోకాళ్ళ మీద కూలబడినాడు. బండకు నొసలు ఆనించినాడు. చల్లగా ఉంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆర్నెల్ల ఏడుపు. ఎక్కిళ్ళు పెట్టి, నేలను చేతులతో కొట్టి, నాయనా నాయనా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చినాడు. కళ్ళలో ఉన్నదంతా, కడుపులో ఉన్నదంతా, ఏసేపు కోసం దాచుకున్నదంతా ఆ బండ మీద పోసినాడు. రాయి పీల్చుకుంది. ఒక్క బొట్టు కూడా కిందికి జారలేదు. ఎంత హాయిగా ఉందో. చెవుల్లో గోడ కూలిపోయింది. కప్పల అరుపు వినబడింది, తడిమట్టి వాసన తెలిసింది, ఇంటికి పోయి కడుపునిండా అన్నం తినాలనిపించింది.

వీపు మీద చెయ్యి పడింది. ఏడిచే బిడ్డను ఊరుకోబెట్టినట్టు, పైనుంచి కిందికి, మెల్లగా నిమురుతోంది. బరువైన చెయ్యి. దావీదురాజు కళ్ళు మూసుకుని ఆ నిమరడాన్ని కాసేపు అట్లాగే ఉండనిచ్చినాడు. అమ్మకు తన మీద ఎంత ప్రేమ అనుకున్నాడు.

తలెత్తినాడు.

జీవమ్మ సమాధికి అవతల, కూచున్నచోటే కూచుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. కొడుకును చూడటం లేదు. అతని తలకు పైన, వెనక, ఎవరినో చూస్తూ కొంచెంగా నవ్వుతోంది.

వీపు మీద చెయ్యి ఇంకా నిమురుతూనే ఉంది.